చప్పుడు పడని పిల్లలు, నోరు చేసుకునే పెద్దలు

చప్పుడు పడని పిల్లలే గట్టిగా అరుస్తారు. నలుగురు తిరిగే చోట పిల్లల గురించి పెద్దలకు అర్థం కాని సంగతుల్లో ఇది మొదటిది. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ గేటు ముందు ఒక పిల్లవాడు రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుని కేకలు పెడుతున్నాడనుకోండి. చుట్టూ ఉన్నవాళ్ల ధ్యాసంతా కేకల మీదే ఉంటుంది. చెవుల మీదున్న చేతుల్ని గమనించేవాళ్లు తక్కువ. 'ఎంత గోల చేస్తున్నాడో' అని ఒకరు మొహం చిట్లిస్తారు, 'అంతా తల్లి గారాబం' అని ఇంకొకరు తీర్పు చెబుతారు. ఆ మాటలు, ఆ గొంతులు, దగ్గరికొచ్చి మీదికి వంగే మొహాలు అన్నీ కలిసి, వాడు దేని నుంచి తప్పించుకోవాలని చూస్తున్నాడో దాన్నే రెట్టింపు చేస్తాయి. పిల్లల చెవి బాధను డాక్టర్ల విషయంగా, పరాయి మనుషుల దురుసుతనాన్ని మర్యాదల విషయంగా విడగొట్టి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఆచరణలో అవి రెండూ ఒకే ముడి. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని విప్పలేం.

అరవడం ఎందుకో ముందు చూద్దాం. చెవిన పడిన ప్రతి శబ్దాన్నీ మెదడు ఒకే తీరుగా పట్టించుకోదు. గదిలో తిరిగే ఫ్యాను చప్పుడు కాసేపటికి వినబడటం మానేస్తుంది, అది ఎలా ఉంటుందో మెదడుకు ముందే తెలుసు కనక. ఎప్పుడు వస్తుందో తెలియని శబ్దాన్ని మాత్రం వదిలిపెట్టదు. గుండె వేగం పెంచుతుంది, ఒళ్లు బిగిస్తుంది, అక్కణ్ణుంచి పారిపొమ్మంటుంది. కొందరు పిల్లల్లో ఈ వడపోత బలహీనంగా ఉంటుంది. మనం ఎప్పుడో మరిచిపోయిన చప్పుడు వాళ్లకు ఇంకా కొత్తగానే వినిపిస్తూ ఉంటుంది. సొంత గొంతు సంగతి వేరు. మనం మాట్లాడబోయే ముందే మధ్యచెవిలోని చిన్న కండరాలు బిగుసుకుని, లోపలికి వెళ్లే శబ్దాన్ని కొంత తగ్గిస్తాయి. పైగా తన గొంతు ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తనకు తెలుసు. అందుకే కొందరు పిల్లలు పెదవులు మూసి గుయ్యిమని రాగం తీస్తారు, ఒకే మాటను పదేపదే అంటారు, ఇక భరించలేనప్పుడు అరుస్తారు. బయటి చప్పుడుకు అడ్డంగా వాళ్లు కట్టుకునే గోడ అది.

ఇది ఈ కాలపు పిల్లలకు కొత్తగా వచ్చిన జబ్బు కాదు. 1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లల్ని పరిశీలించి ఆటిజం గురించి తొలి వ్యాసం రాసినప్పుడే, పెద్ద చప్పుళ్లకు, లిఫ్టులకు, వ్యాక్యూమ్ క్లీనర్లకు వాళ్లు ఎంత భయపడేవాళ్లో నమోదు చేశాడు. అయినా అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం శబ్దం, వెలుగు, స్పర్శల పట్ల అతిగా స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చడానికి 2013 దాకా పట్టింది. మన దగ్గర సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బౌద్ధిక వైకల్యాల కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ, భారతీయ పిల్లల కోసం తయారుచేసిన ఆటిజం కొలమానంలో నలభై అంశాలుంటే, ఇంద్రియాలకు సంబంధించినవి అందులో ఒక ప్రత్యేక విభాగం. మన ఊళ్లోనే తయారైన ఈ కొలమానం గురించి మన పత్రికలు ఇంకాస్త చెప్పి ఉండాల్సింది.

ఆటిజం ఒక్కటే కారణం కాదు. మైగ్రేన్ ఉన్న పిల్లలు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు, వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లు, కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకున్నవాళ్లు, ఏ పేరూ పెట్టలేని సున్నితత్వం ఉన్న మామూలు పిల్లలు, అందరూ ఈ గుంపులోకి వస్తారు. 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం దేశంలోని అయిదు ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని పరీక్షించింది. ఆ అయిదింటిలో హైదరాబాద్ ఒకటి. నాడీ ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి కనిపించింది. వీళ్లందరికీ చప్పుడు సమస్య ఉందని కాదు. కానీ ఏటా రెండున్నర కోట్లకు మించి ప్రయాణికులు వచ్చిపోయే శంషాబాద్ విమానాశ్రయంలో ఇలాంటి పిల్లలు ఎప్పుడో ఒకరు తారసపడతారని అనుకోవడం పొరపాటు. ప్రతి విమానంలోనూ ఉంటారనే అనుకోవాలి.

శంషాబాద్ వైపు రావలసిన విమానం దగ్గరే ఈ విషయం దేశం కళ్లెదుటికి వచ్చింది. 2022 మే 7న రాంచీ విమానాశ్రయంలో హైదరాబాద్ విమానం ఎక్కాల్సిన ఒక ప్రత్యేక అవసరాలున్న బాలుణ్ణి ఇండిగో సిబ్బంది ఎక్కనివ్వలేదు. విమానాశ్రయానికి వచ్చిన రోడ్డు ప్రయాణంతోనే ఆ అబ్బాయి బాగా అలసిపోయి కలతపడ్డాడు. తల్లిదండ్రులు తినిపించి, నిమిరి, నెమ్మదిగా దారికి తెచ్చుకున్నారు. గేటు దగ్గర మాత్రం, పిల్లవాడు మామూలుగా లేడని, తోటి ప్రయాణికులకు ప్రమాదమని సిబ్బంది పట్టుబట్టారు. అప్పుడు జరిగింది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. ఏ తోటి ప్రయాణికుల పేరు చెప్పి ఆపారో ఆ ప్రయాణికులే ఆ కుటుంబం పక్కన నిలబడ్డారు. వాళ్లలో ఉన్న డాక్టర్లు, దారిలో ఏమైనా అయితే మేం చూసుకుంటామన్నారు. కొందరు తమ ఫోన్లలో కోర్టు తీర్పులు, ప్రభుత్వ ఉత్తర్వులు వెతికి సిబ్బందికి చూపించారు. అయినా తలుపు మూసేశారు. ఆ కుటుంబం రాత్రి హోటల్లో ఉండి మర్నాడు బయల్దేరింది. తోటి ప్రయాణికురాలు ఒకరు రాసిన కథనంతో విషయం బయటికొచ్చింది. విచారణ జరిపిన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మే 28న ఇండిగోకు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. సిబ్బంది కాస్త కనికరంతో మెలిగి ఉంటే పిల్లవాడు కుదుటపడేవాడని, వాళ్ల తీరే పరిస్థితిని ఇంకా విషమం చేసిందని తేల్చింది. ఆ జులైలో నిబంధన కూడా మారింది. వైకల్యం కారణంగా ప్రయాణం నిరాకరించడానికి వీల్లేదు. గాలిలో ఆరోగ్యం క్షీణిస్తుందన్న అనుమానం ఉంటే, విమానాశ్రయ డాక్టరు స్వయంగా పరీక్షించి అభిప్రాయం చెప్పాకే నిర్ణయం తీసుకోవాలి.

ఈ ఘటనను విమానయాన సంస్థ తప్పుగా అందరం గుర్తుపెట్టుకున్నాం. నాకు అందులో పరాయి మనుషుల గురించిన పాఠం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. జనం సహించరని చెప్పి పిల్లల్ని దూరం పెట్టే అధికారులు చాలాసార్లు జనాన్ని అడగనే అడగరు. అడిగితే ఏం చెబుతారో రాంచీ గేటు దగ్గర తేలిపోయింది.

ఇక శంషాబాద్ చప్పుళ్ల సంగతి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు సాఫీగా వచ్చేస్తుంది. అది దిగాక జాతీయ రహదారి మీద లారీల ఎయిర్ హారన్లు మొదలవుతాయి. టెర్మినల్ ముందు వీడ్కోళ్ల గుంపులు. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్‌కు పోయే కొడుకును సాగనంపడానికి బండి నిండా వచ్చిన చుట్టాలు, అమెరికాలో మనవణ్ణి చూసుకోవడానికి బయల్దేరిన అమ్మమ్మలు, ఏడుపులు, నవ్వులు, ఫొటోల కోసం పిలుపులు. లోపల ట్రాలీ చక్రాల గరగర, ట్రేలు ఒకదాని మీద ఒకటి పడే చప్పుడు, లోహం తగిలితే కుయ్యిమనే యంత్రం. సెక్యూరిటీ చెక్ దగ్గర ఒక చిక్కుంది, దాన్ని అనుభవించినవాళ్లకే తెలుసు. పిల్లవాడి చెవులకు పెట్టిన ఇయర్‌మఫ్‌లు తీసి ట్రేలో వేయాలి. అంటే ప్రయాణం మొత్తంలో చప్పుడు, ముట్టుకోవడం, కొత్త మనుషులు మూడూ ఒక్కసారిగా మీదపడే ఆ నిమిషంలోనే వాడి చేతిలోని రక్షణ తీసేసుకుంటాం.

టాయిలెట్ల సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు, కానీ తల్లిదండ్రులు ఎక్కువగా భయపడేది అక్కడే. హ్యాండ్ డ్రయ్యర్ కింద ఎవరో చేతులు పెడతారు, పక్కనున్న పిల్లవాడు చెవులు మూసుకుని తలుపు వైపు పరుగెడతాడు. కెనడాలో నోరా కీగన్ అనే బాలిక తొమ్మిదేళ్ల వయసులో ఇదే విషయం మీద కొలతలు మొదలుపెట్టింది. నలభై నాలుగు డ్రయ్యర్లను వేర్వేరు ఎత్తుల్లో కొలిచింది, పిల్లల చెవులుండే ఎత్తులో కూడా. కొన్ని 100 డెసిబెల్స్ దాటాయి. పదమూడేళ్లు వచ్చేసరికి, 2019లో, ఆమె పరిశోధన అక్కడి శిశువైద్య పత్రికలో అచ్చయింది. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పదింతలు పెరిగినట్టు. పిల్లలు వారానికి నలభై గంటలు వినగల సురక్షిత పరిమితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 75 డెసిబెల్స్‌గా పెట్టిందని గుర్తుంచుకుంటే 100 అంటే ఏమిటో తెలుస్తుంది. యంత్రాన్ని పెద్దవాళ్ల చేతుల ఎత్తులో బిగిస్తాం. దాని నోరు సరిగ్గా పిల్లల చెవి దగ్గరికి వస్తుంది. పేపర్ టవల్ పెట్టిన ఒక్క టాయిలెట్ ఎక్కడుందో బోర్డు మీద రాస్తే చాలు, ఎన్నో కుటుంబాలకు సగం ప్రయాణం తేలికవుతుంది.

విమానంలో ఏడ్చే పసిపిల్లల్లో చాలామందికి చప్పుడుతో నిమిత్తం లేదు. చెవిని గొంతుతో కలిపే గొట్టం పిల్లల్లో సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. విమానం దిగుతున్నప్పుడు లోపలి ఒత్తిడి సరిపడక నొప్పి పుడుతుంది. పాలు పట్టడం, గుటక వేయించడం దానికి మందు. దిగే సమయంలో పిల్ల ఏడిస్తే 'ఇంతసేపూ బాగానే ఉందిగా, ఇప్పుడేమొచ్చింది' అనే ముందు సీటాయన ఈ ఒక్క వాక్యం చదివి ఉంటే బాగుండేది.

విమానాశ్రయం దాటి బయటికి వచ్చినా ఊరు నిశ్శబ్దంగా ఉండదు. రహదారి పొడవునా ఫంక్షన్ హాళ్లు. పెళ్లిళ్ల రోజుల్లో డీజే బండ్లు, బరాత్‌లు, బోనాల నెలలో డప్పులు, వినాయక చవితికి మైకులు. ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి విగ్రహం దగ్గర సంగీతంతో నడిచే ఫౌంటెన్ ప్రదర్శన. ఇవన్నీ మన ఆనందాలు, వీటిని వద్దనడం నాకు ఇష్టం లేదు. డప్పును దూరం నుంచి విని గంతులేసే పిల్లలే డీజే స్పీకరు పక్కకు వస్తే వణికిపోతారు. తేడా సంప్రదాయంలో లేదు, దూరంలోను, డెసిబెల్స్‌లోను ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దంటాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు నిషేధం. హైదరాబాద్ నగర పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. పెళ్లి పెద్దలు మాత్రం ఇంకా డీజేను కుటుంబ గౌరవంగానే చూస్తున్నారు. చప్పుడు పడని పిల్లలున్న ఇళ్లవాళ్లు చుట్టాల పెళ్లిళ్లు ఎగ్గొడుతుంటే 'వాళ్లు కలుపుగోలుగా ఉండరు' అని చెప్పుకుంటారు.

విమానాల మోత కింద పెరిగే పిల్లల మాట కూడా ఇక్కడ చెప్పాలి. 1992లో మ్యూనిక్ నగరం పాత విమానాశ్రయాన్ని మూసేసి ఊరి బయట కొత్తది తెరిచింది. పరిశోధకులు రెండు చోట్లా బడిపిల్లల్ని ముందూ వెనకా పరీక్షించారు. పాత విమానాశ్రయం దగ్గర పిల్లల చదివే శక్తి, జ్ఞాపకం మెరుగయ్యాయి. కొత్తదాని దగ్గర తగ్గాయి. ఆ తర్వాత 2005లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం హీత్రో, స్కిఫోల్, బరాహస్ విమానాశ్రయాల చుట్టుపక్కల 2,844 మంది పిల్లల్ని చూసి, విమానాల మోత పెరిగేకొద్దీ చదివింది అర్థం చేసుకోవడం తగ్గుతోందని చెప్పింది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు మారినప్పుడు మనకూ సరిగ్గా మ్యూనిక్‌లాంటి సందర్భమే వచ్చింది. రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, ఆ వరసలో ఉన్న గ్రామాల్లోని ప్రభుత్వ బడుల్లో కొలతలు తీయడం ఇప్పటికీ కష్టమైన పని కాదు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి పిల్లల తల్లులు చెప్పే ఫిర్యాదు ముఖ్యంగా చూపుల గురించి. మన దగ్గర చూపులతో ఆగదు. క్యూలో వెనక నిలబడ్డ పెద్దమ్మ 'ఏందమ్మా, పిల్లగాన్ని గట్ల ఏడిపిస్తున్నవ్' అంటుంది. ఇంకో పెద్దమనిషి 'రెండు తగిలిస్తే అదే ఊకుంటడు' అని వైద్యం చెబుతాడు. ఒకరు దిష్టి తీయమంటారు, ఒకరు ఫోను ఇచ్చి పాడుచేశారంటారు. పిల్లవాడి చేతులు పట్టుకుని చెవుల మీంచి లాగేవాళ్లూ ఉంటారు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది, సీఐఎస్‌ఎఫ్ జవానును చూపించి 'అదిగో పోలీసు, ఏడిస్తే పట్టుకుపోతడు' అని బెదిరించడం. మరో పది నిమిషాల్లో పిల్లవాడు అదే యూనిఫాం ముందు నిలబడి ఒళ్లు తడిమించుకోవాలి. తల్లి ఇంటి దగ్గర వారాల తరబడి చెప్పి సిద్ధం చేసిందంతా ఆ ఒక్క మాటతో పోతుంది.

ఈ మాటల్లో అన్నీ ద్వేషంతో వచ్చేవి కావు. మన సమాజంలో పక్కనున్న పిల్లవాణ్ణి పరాయివాడిగా చూడటం తక్కువ. బస్సులో ఎవరి పిల్లనో ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం, అరటిపండు పెడతాం. ఆ చనువే సలహాగా మారుతుంది, సలహా వినకపోతే నిందగా మారుతుంది. అందుకే 'మీ పని మీరు చూసుకోండి' అని ముఖం మీద చెప్పమనే విదేశీ పుస్తకాల సలహా ఇక్కడ బెడిసికొడుతుంది. దాంతో గొడవ పెరుగుతుంది, గొంతులు లేస్తాయి, ఆ గొంతులు మళ్లీ పిల్లవాడి చెవుల్లోనే పడతాయి. పనిచేసే మార్గం ఆ చనువుకు ఒక పని అప్పగించడం. 'మా వానికి చప్పుడు పడదన్నా, జర జాగ ఇయ్యండి.' 'అక్కా, ఈ బ్యాగు ఒక్క నిమిషం చూస్తరా?' ఇలా అడిగితే తీర్పు చెప్పబోయిన మనిషే చాలాసార్లు జనాన్ని పక్కకు జరిపే మనిషవుతాడు. మాట చిన్నదిగా, గొంతు తగ్గించి, జబ్బు పేరు ఎత్తకుండా చెప్పాలి.

జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది తల్లిదండ్రుల మధ్యనే తెగని వాదం. చెబితే జనం మెత్తబడతారని కొందరి అనుభవం, అది నిజమే. కానీ పిల్లవాడు అక్కడే ఉన్నాడు, వింటున్నాడు. మాటలు రాని పిల్లలు కూడా వింటారు. తన గురించి తన తల్లి దారినపోయే ప్రతివాళ్లకూ వైద్య వివరాలు చెప్పి క్షమాపణ అడగడం చూస్తూ పెరిగే పిల్లలకు తమ మీద తమకు ఏర్పడే అభిప్రాయం మంచిదిగా ఉండదు. సిబ్బందికి చెప్పండి, చెప్పి తీరాలి. క్యూలో వాళ్లకు 'చప్పుడు పడదు' అన్నది చాలు. ఇక దురుసుగానే మాట్లాడేవాళ్లుంటే జవాబివ్వకుండా పిల్లవాణ్ణి తీసుకుని పక్కకు వెళ్లడం ఓటమి కాదు. ఆ క్షణంలో తల్లి ఒకరికే సమాధానం చెప్పుకోవాలి, ఆ ఒకరు ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నారు. ఇంట్లో వాళ్ల సంగతి ఇంతకన్నా కష్టం. నాయనమ్మ పరాయి మనిషి కాదు, పక్కకు తప్పుకుని పోలేం. ప్రయాణానికి ముందే కూర్చుని ఆమెకు ఒక బాధ్యత ఒప్పజెప్పిన ఇళ్లలో కాస్త నెమ్మది కనిపిస్తుంది.

చట్టం ఎంతవరకు పనికొస్తుంది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజంతో సహా 21 వైకల్యాలను గుర్తించింది. దాని 92వ సెక్షన్ ప్రకారం, నలుగురికీ కనిపించే చోట వైకల్యం ఉన్న వ్యక్తిని కావాలని అవమానిస్తే, బెదిరిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. విమానంలో మాటలతో వేధించడం కూడా 2017 డీజీసీఏ నిబంధనల్లో తొలి స్థాయి దుష్ప్రవర్తన, మూడు నెలల వరకు ప్రయాణ నిషేధం పడవచ్చు. ఇవి ఉన్నాయని తెలిసి ఉండటం మంచిదే. అయినా ఏడుస్తున్న పిల్లవాణ్ణి పక్కన పెట్టుకుని సెక్షన్లు చదవడం ఎవరివల్లా కాదు. చట్టం అసలు బలం సంస్థల మీద చూపించినప్పుడే తెలుస్తుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను 2012లో కోల్‌కతాలో విమానం నుంచి దించేసినందుకు, 2016లో సుప్రీంకోర్టు స్పైస్‌జెట్ చేత 10 లక్షల రూపాయలు కట్టించింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో అదే కోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు కావాలని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసింది. అందుబాటు అనగానే ర్యాంపు, లిఫ్టు మాత్రమే గుర్తుకు వచ్చే అలవాటు పోయి, చప్పుడు కూడా ఒక మెట్టులాగే అడ్డం పడుతుందని ఆ నియమాల్లో రాయించుకోవలసిన సమయం ఇది.

బయటి అనుభవం కొంత దారి చూపిస్తుంది. 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయం ఆకుపచ్చ పట్టీ మీద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ వేసి, కంటికి కనిపించని వైకల్యం ఉన్నవాళ్లు కావాలనుకుంటే మెడలో వేసుకోవచ్చంది. నోరు విప్పకుండానే సిబ్బందికి విషయం తెలుస్తుంది. ఇప్పుడది ఎన్నో దేశాల్లో ఉంది, మన పక్కన బెంగళూరులో ఉంది. 2017లో ఐర్లండ్‌లోని షానన్ విమానాశ్రయం ఇలాంటి పిల్లల కోసం మెత్తటి వెలుగుతో ఒక నెమ్మది గది తెరిచింది. 2019లో పిట్స్‌బర్గ్ అలాంటిదే మరింత పెద్దగా కట్టింది. అడిగింది పెద్ద అధికారి కాదు, అక్కడ భారీ యంత్రాలు నడిపే ఒక ఉద్యోగి, ఆటిజం ఉన్న తన కొడుకు కోసం. గదికి ఆ బాబు పేరే పెట్టారు. మెడ పట్టీకి నేనొక షరతు పెడతాను. దాన్ని చూసి ఏం చేయాలో సిబ్బందికి తెలియకపోతే, అది పిల్లవాడి మెడలో చీటీగా మాత్రమే మిగులుతుంది.

తల్లిదండ్రుల చేతిలో ఉన్నవి చూద్దాం. టికెట్ కొన్నాక, బయల్దేరడానికి 48 గంటల ముందే విమానయాన సంస్థకు సహాయం కావాలని చెప్పాలి. బౌద్ధిక, ఎదుగుదల ఇబ్బందులున్న ప్రయాణికులకు ఈ రంగంలో 'డీపీఎన్‌ఏ' అనే సంకేతం ఉంది. కాల్ సెంటర్‌లో ఆ నాలుగక్షరాలు అంటే, వీల్‌చైర్ కావాలా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా ఉంటుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు గానీ పైనే అందేలా పెట్టుకోవాలి. ప్రయాణంలో దేని తర్వాత ఏది వస్తుందో బొమ్మలతో ఇంటి దగ్గరే చూపించడం చాలామంది స్పెషల్ ఎడ్యుకేటర్లు చెప్పేదే. చప్పుడు ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే మెదడు సగం భయం వదిలేస్తుంది. 'ఇప్పుడు ట్రే పడుతుంది, ఢామ్మంటుంది' అని ముందుగా చెప్పడం చిన్న విషయం కాదు.

ఇయర్‌మఫ్‌ల మీద భిన్నాభిప్రాయాలున్నాయి. మంచివి ఇరవై డెసిబెల్స్ పైనే తగ్గిస్తాయి. కానీ రోజంతా పెట్టి ఉంచితే చెవి నిశ్శబ్దానికే అలవాటుపడి, మామూలు చప్పుడు కూడా ఇంకా పెద్దగా వినిపించే ప్రమాదం ఉందని ఆడియాలజిస్టులు హెచ్చరిస్తారు. జేబులో ఉంచుకుని, అవసరమైన చోట పెట్టి, తర్వాత తీయడం సరైన పద్ధతి. చప్పుడుకు అలవాటు చేయించే విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. పిల్లవాడి అంగీకారంతో, తక్కువ చప్పుడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం భయాన్ని తగ్గిస్తుంది. 'నాలుగుసార్లు తిప్పితే అదే అలవాటైతది' అని డీజే ముందు నిలబెట్టడం భయాన్ని పెంచుతుంది. ఇంద్రియాల థెరపీల పేరుతో ఊరంతా వెలసిన కేంద్రాల విషయంలో కాస్త జాగ్రత్త కావాలి. ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని, లక్ష్యం పెట్టుకుని ఫలితం కొలుచుకోవాలని అమెరికా శిశువైద్యుల సంఘం 2012లోనే చెప్పింది. ఎన్ని నెలలకు ఏ మార్పు కనిపించాలో చెప్పలేని చోట డబ్బు కట్టవద్దు.

రెండో వైపు కూడా మనుషులున్నారు. తలనొప్పితో కూర్చున్నవాళ్లు, చావుకబురు విని బయల్దేరినవాళ్లు, చప్పుడు పడని పెద్దవాళ్లు. వాళ్ల బాధ కూడా బాధే. 2016లో ఇండిగో కొన్ని వరసలను పన్నెండేళ్ల లోపు పిల్లలు లేని ప్రశాంత వరసలుగా ప్రకటిస్తే చాలా విమర్శలు వచ్చాయి. సీటు ఎంచుకునే వీలుగా అది ఉన్నంతవరకు నాకు అభ్యంతరం కనిపించదు. పిల్లలు చెడ్డవాళ్లన్న భావన పెంచితేనే తప్పు. పైగా వెయిటింగ్ హాల్లో చప్పుడు చేసేది పిల్లలు మాత్రమే కాదు. స్పీకర్ పెట్టి రీల్స్ చూసే పెద్దల్ని, వీడియో కాల్‌లో ఊరంతా వినేలా మాట్లాడేవాళ్లను ఎవరూ పెంపకం గురించి అడగరు. నెమ్మదిగా కూర్చునే ఒక మూల, అనౌన్స్‌మెంట్లు, టీవీలు లేనిది, గేట్ల దగ్గర ఉంటే ఈ రెండు వర్గాలకూ అదే సరిపోతుంది.

ఈ చర్చలో అందరూ చిన్నపిల్లల్నే ఊహించుకుంటారు. కష్టం పెరిగేది వాళ్లు ఎదిగాక. నాలుగేళ్ల పిల్లవాడు చెవులు మూసుకుని ఏడిస్తే ఎవరో ఒకరు అయ్యో అంటారు. మీసం మొలుస్తున్న పద్నాలుగేళ్ల కుర్రాడు అదే పని చేస్తే జనం వెనక్కి జరుగుతారు, సిబ్బంది వాకీటాకీ తీస్తారు. రాంచీలో ఆపింది కూడా కౌమారంలో ఉన్న అబ్బాయినే. థెరపీ కేంద్రాలు, ప్రచార చిత్రాలు, నెమ్మది గదుల్లోని బొమ్మలు అన్నీ పసివాళ్ల కోసమే ఉంటాయి. సిబ్బందికి ఇచ్చే శిక్షణ మొదట ఈ పొడుగాటి పిల్లల గురించి ఉండాలి. గట్టిగా ఆజ్ఞ ఇవ్వకూడదు, చుట్టూ గుమిగూడకూడదు, ఒక్కరే మాట్లాడాలి, జవాబుకు సమయం ఇవ్వాలి, ఇయర్‌మఫ్‌లు చివర్లో తీసి ముందుగా తిరిగివ్వాలి. ఇంతవరకు నేర్పడానికి ఒక పూట చాలు. శంషాబాద్‌లో ఆ పూటకు పాఠం చెప్పడానికి ఎన్‌ఐఈపీఐడీ నిపుణులు ఇదే నగరంలో ఉన్నారు, ఎదిగిన కొడుకులతో ఏటా ప్రయాణం చేసే తల్లులు కూడా ఉన్నారు. తల్లుల్ని ముందు పిలవాలి.